విమానపు విడిభాగం - వెల కట్టడం ఎలా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలా వరకు షాపుల్లో పనిచేసే మిత్రులవే. ఈసారి మాత్రం మన ఉద్యోగి ఒకరి సతీమణి ఒక సూటి ప్రశ్న వేశారు. అమెరికా వైమానిక దళం తన సి-17 రవాణా విమానాల మరుగుదొడ్లలో అమర్చే సబ్బు డబ్బాలకు బజారు ధర కంటే 80 రెట్లు చెల్లించిందని, ఆ ఒక్క వస్తువు మీదనే సుమారు 1,49,000 డాలర్లు అదనంగా పోయాయని ఆ దేశపు రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2024 అక్టోబరులో నివేదించిన వార్త ఆమె చదివారట. "మీ సంస్థల్లో తయారయ్యే విమాన భాగాల ధరలూ ఇటువంటివేనా? మా వారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు" అని వ్రాశారు.

నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదది. సి-17 విమానాలు మన వైమానిక దళం వద్ద కూడా 11 ఉన్నాయి. ఆ విమానాల సంగతి అటుంచినా, మన దేశంలో యుద్ధవిమానాల విడిభాగాలకు అయ్యే ప్రతి రూపాయీ ప్రజలదే. అడిగే హక్కు ఆమెకున్నది. చెప్పవలసిన బాధ్యత మా వంటి అంచనాల శాఖ వారిది.

ముందుగా ఒక మాట. ఆ సబ్బు డబ్బాల విషయంలో తయారీ సంస్థ ఊరక ఉండలేదు. సైనిక ప్రమాణాల ప్రకారం చేసిన వస్తువును బజారులో దొరికే వస్తువుతో పోల్చడం సరికాదన్నది ఆ సంస్థ వాదన. సబ్బు డబ్బాకు అంత మాట ఎందుకని మనకు అనిపించవచ్చు, మాకూ అనిపించింది. కాని ఆ వాదన అన్ని వస్తువుల విషయంలోనూ అబద్ధం కాదు. అన్యాయమైన ధరలు కొన్ని ఉంటాయి. అన్యాయంగా కనిపించే న్యాయమైన ధరలు అంతకంటే ఎక్కువగానే ఉంటాయి. ఈ రెండింటినీ వేరు చేయలేని అంచనాకర్త ఎంత పెద్ద పట్టభద్రుడైనా గుమాస్తా పనే చేస్తున్నట్లు లెక్క.

ఉదాహరణకు, విమానం చక్రాల కాళ్లలో అమరే ఒక ఉక్కు బుష్షును తీసుకుందాము. చూడడానికి ఉంగరం కంటే కాస్త పెద్దది. పిల్లవాడి పిడికిట్లో ఇమిడిపోతుంది. వైమానిక దళం వారు 12 కావాలన్నారు. ఇది చేయడానికి ముందు డ్రాయింగు వెతకాలి, పని క్రమం వ్రాయాలి, కంప్యూటరు ఆధారిత లేత్‌కు ప్రోగ్రాం తయారు చేయాలి, యంత్రాన్ని సెట్ చేయాలి. మొదటి ముక్కను ప్రతి కొలత వద్దా తనిఖీ చేసి, అది సరియైనదని సంతకం పడిన తరువాతనే రెండవ ముక్క కోయాలి. ఆ పైన ఉష్ణ శుద్ధి. దానికొక నమూనా ముక్కను కూడా కొలిమిలో పెట్టి, ఆ నమూనాను విరగ్గొట్టి బలం చూడాలి. పగుళ్ల కొరకు అయస్కాంత పరీక్ష. తుప్పు పట్టకుండా కాడ్మియం పూత. పూత వేసేటప్పుడు ఉక్కులోకి చొరబడిన హైడ్రోజన్ లోహాన్ని పెళుసుగా చేస్తుంది కనుక, దానిని వెళ్లగొట్టడానికి 190 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో గంటల తరబడి కాల్చాలి. ఉక్కు బలాన్ని బట్టి ఒక్కొక్కసారి దాదాపు ఒక రోజంతా పడుతుంది. ఈ కాల్పును ఎగవేసినా బుష్షు చూపులకు ముద్దుగానే ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు, విమానం నేలను తాకే క్షణంలో, చెప్పకుండా పగులుతుంది. చివరన నాణ్యతా తనిఖీ, ధ్రువపత్రాలు, ఏ ఉక్కు కడ్డీ నుండి ఏ ముక్క వచ్చిందో తెలిపే చరిత్ర.

వీటిలో చాలా పనులు ముక్కలు 3 అయినా 120 అయినా ఒక్కసారే జరుగుతాయి. గారెలు వండే ఇల్లాలికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఒక్క గారె కావాలన్నా మినప్పప్పు నానవేయవలసిందే, రుబ్బవలసిందే, మూకుడు నిండా నూనె పోసి కాచవలసిందే. ఆ ఒక్క గారె ఖరీదు ఎంత అని లెక్క వేస్తే ఎవరూ నోట పెట్టుకోలేరు.

లెక్క సులువుగా అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాము. ఒకసారికి మాత్రమే అయ్యే పనులన్నీ కలిపి 50 గంటలు. ఆపైన ముక్క ఒక్కింటికి ఒకటిన్నర గంట. 12 ముక్కల ఆర్డరుకు మొత్తం 68 గంటలు, అనగా ముక్కకు సుమారు 5.7 గంటలు. 120 చేస్తే మొత్తం 230 గంటలు, ముక్కకు 1.9 గంటలు. మూడే కావాలంటే మొత్తం 54.5 గంటలు, ముక్కకు 18 గంటల పైమాటే. అదే డ్రాయింగు, అదే ఉక్కు, అదే ఆపరేటరు. మూడు ముక్కల ఆర్డరులో ఒక్కొక్క బుష్షుకు పట్టే శ్రమ 120 ముక్కల ఆర్డరు కంటే తొమ్మిదిన్నర రెట్లు. ఇందులో ఎవరి దురాశా లేదు.

ఇప్పుడు మన దేశంలో బాగా పాతుకుపోయిన ఒక అలవాటును చూడండి. ధర సమంజసమా కాదా అని తేల్చవలసి వచ్చినప్పుడు ఫైలులో మొదట వెతికేది గతసారి కొన్న ధర. దానికి ఏడాదికి ఇంత శాతం కలిపి, "ఇదే న్యాయమైన ధర" అని వ్రాస్తారు. గతసారి 120 కొన్నారా, 3 కొన్నారా అన్నది అదే ఫైలులో నాలుగు పుటల వెనుక ఉంటుంది. దానిని చూసేవారు తక్కువ. పెద్ద ఆర్డరు ధరను చిన్న ఆర్డరుకు అంటగడితే కర్మాగారం నష్టపోతుంది, ఆ భాగం చేయడానికి వెనుకాడుతుంది, విమానం నేల మీద కూర్చుంటుంది. చిన్న ఆర్డరు ధరను పెద్ద ఆర్డరుకు వర్తింపజేస్తే ఖజానా నష్టపోతుంది, ఆ నష్టం ఎవరికీ కనబడదు కూడా. మా అభిప్రాయంలో గత ధర ఉపయోగకరమే, అయితే దాని పక్కన ముక్కల సంఖ్య, సంవత్సరం, చెల్లించిన కరెన్సీ ఈ మూడూ లేకపోతే దానిని ఫైలులో పెట్టకపోవడమే మేలు.

సంవత్సరం అనగానే మరొక చిక్కు. టోకు ధరల సూచిని బట్టి పాత ధరను నేటికి పెంచడం పద్ధతి. ఆ సూచి ఆధార సంవత్సరం 1981-82 నుండి 1993-94కు, తరువాత 2004-05కు మారింది; 2011-12 ఆధారంగా వరుస 2017లో వెలువడింది. వాటిని కలిపే గుణకాలు సరిగా వాడకుండా ఒక వరుసలోని అంకెను మరొక వరుసలోని అంకెతో భాగిస్తే వచ్చేది ధర కాదు, లాటరీ. అంతకంటే ముఖ్యం, అన్ని వస్తువులకూ ఒకే సూచి పనికిరాదు. బియ్యం, బొగ్గు, సిమెంటు కలగలిసిన మొత్తం సూచితో టైటానియం కడ్డీ ధర పెంచడం ఏమి న్యాయం? లోహానికి లోహపు సూచి, శ్రమకు వేతనాల మార్పు, దిగుమతి భాగానికి మారకపు రేటు, ఇలా విడివిడిగా పెంచి తరువాత కలపాలి.

మారకపు రేటు సంగతి మన తరం వారికి బాగా గుర్తు. 1991 జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించడంతో, సుమారు 21 రూపాయలున్న డాలరు సుమారు 26 రూపాయలయింది. ఆ ఏడాది డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. అప్పటివరకు మిగ్ విమానాల భాగాలు రూపాయల వ్యాపారం మీద, ఒకే ప్రభుత్వం నుండి, ఆ ప్రభుత్వం నిర్ణయించిన ధరలకు వచ్చేవి. ఆ ధరల వెనుక ఎంత ఉక్కు, ఎంత శ్రమ ఉన్నదో వారు చెప్పేవారు కాదు. మనమూ అంతగా పట్టించుకోనవసరం లేకపోయింది. ఒక్కసారిగా కర్మాగారాలు రష్యా, ఉక్రెయిన్, జార్జియా వంటి వేర్వేరు దేశాలలో పడ్డాయి. ధరలు డాలర్లలో అడగడం మొదలయింది. ఎదుటివాడు చెప్పిన ధర ఎక్కువా తక్కువా అని తేల్చుకోవడానికి మన చేతిలో ఉండవలసినది ఆ భాగం గురించిన మన సొంత లెక్క. లైసెన్సు మీద ఆ భాగాన్ని మన దేశంలో చేసిన చోట ఆ లెక్క ఉన్నది. కేవలం పెట్టె విప్పి బిగించిన చోట లేదు. స్వదేశీకరణ వలన ఆదా ఎంత అని అడిగేవారు విదేశీ మారకద్రవ్యం గురించే ఆలోచిస్తారు. ఒక భాగాన్ని మనం పదే చేసినా, వందవ భాగం బయట కొనేటప్పుడు బేరమాడే శక్తి వస్తుంది. దీనికి ఏ బాలెన్స్ షీటులోనూ పద్దు లేదు.

బేరం గురించి చెప్పుకుంటున్నాము కనుక, 1967 నాటి ఒక ప్రయోగాన్ని తలచుకోవాలి. అమెరికా సైన్యం ఎఫ్-111 విమానానికి అమర్చిన టీఎఫ్-30 ఇంజను ధర అదేపనిగా పెరుగుతుంటే, నౌకాదళపు కొనుగోలు అధికారి గోర్డన్ రూల్ కాగితాల మీద బేరమాడడం మాని, ఇంజనీర్లు, లెక్కల నిపుణులు కలిసిన బృందాన్ని నేరుగా కర్మాగారానికి పంపించారు. "ఎంత ఖర్చయింది?" అన్న ప్రశ్నకు బదులు "సక్రమంగా చేస్తే ఎంత ఖర్చు కావాలి?" అన్నది వారు వేసిన ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న తేడా చిన్నదిగా తోస్తుంది గాని, ఆకాశానికీ భూమికీ ఉన్నంత. మొదటి ప్రశ్నకు జవాబులో సోమరితనం, వృథా, తిరస్కృత ముక్కలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అయిన ఖర్చుకు కొంత శాతం లాభం కలిపి ఇచ్చే ఒప్పందంలో ఆ వృథా మీద కూడా లాభమే. ఖర్చు తగ్గించిన వాడికి లాభం తగ్గుతుంది. మన వంటి ప్రభుత్వ రంగ సంస్థలు దశాబ్దాల పాటు ఈ పద్ధతి నీడన పెరిగాయన్నది దాచవలసిన సంగతి కాదు. నేడు రక్షణ కొనుగోళ్ల 2020 నాటి విధానం ప్రకారం, సరఫరాదారు ధరల కవరు విప్పకముందే బేరసారాల సంఘం తనకు తానుగా ఒక సమంజస ధరను నిర్ణయించుకొని ఉండాలి. నియమం మంచిది. అయితే ఆ సంఘం వారికి ఆ అంకె ఎక్కడి నుండి రావాలి? గత ధర నుండే వచ్చిందంటే కథ మొదటికి వచ్చినట్లే.

సమాచారం లేని కొనుగోలుదారు పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పడానికి 2019 ఫిబ్రవరిలో వెలువడిన మరొక అమెరికన్ నివేదిక చాలు. ఒకే సరఫరాదారు వద్ద కొన్న 47 రకాల విడిభాగాలను పరీక్షించగా, 46 రకాలపై మితిమీరిన లాభం పొందినట్లు తేలింది. అక్కడి తనిఖీదారులు సమంజసమని భావించిన లాభం 15 శాతం వరకు. ఆ సంస్థ చివరకు 1.61 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించింది. గమనించవలసిన విషయం, ఆ కొనుగోళ్లలో అత్యధికం చిన్న చిన్న ఆర్డర్లు. పెద్ద కొనుగోలు అయితే తయారీ ఖర్చు వివరాలు చూపవలసిన చట్టం ఉన్నది. ఆ పరిమితికి లోబడిన చిన్న ఆర్డరుకు ఆ బాధ్యత లేదు. అడిగినా చూపనక్కరలేదు. ఆ భాగాన్ని చేసేవాడు మరొకడు లేడు. ఇంకేమి కావాలి?

ఇక ప్రపంచమంతా నవ్వుకున్న సుత్తి కథ. 1980వ దశకంలో అమెరికా నౌకాదళం ఒక సుత్తిని 435 డాలర్లకు కొన్నదని పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. తరువాత తెలిసిన అసలు సంగతి వేరు. సుత్తి ధర 15 డాలర్లే. అనేక విడిభాగాలతో కలిపి ఒకే జాబితాగా కొన్నారు. ఇంజనీరింగు ఖర్చును ఆ జాబితాలోని వస్తువులన్నింటికీ సమానంగా పంచగా, ఒక్కొక్కదాని మీద 420 డాలర్లు పడ్డాయి. జటిలమైన యంత్రభాగం మీదా 420, సుత్తి మీదా 420. మొత్తం బిల్లు మారలేదు. అనగా సుత్తికి ఎక్కువ పడినంత మేరకు ఆ జటిలమైన భాగాలకు తక్కువ పడింది. దాని గురించి మాత్రం ఏ పత్రికా వ్రాయలేదు.

ఈ కథ విని నవ్వడానికి మనకు అర్హత ఉన్నదా అని మా సందేహం. పెద్ద కర్మాగారాలలో మొత్తం ఓవర్‌హెడ్లను మొత్తం శ్రమ గంటలతో భాగించి, ఒకే గంట రేటు నిర్ణయించడం నిన్న మొన్నటి వరకు సర్వసాధారణం. చేతితో అంచులు నునుపు చేసే బల్ల వద్ద గంటకు ఎంతో, కోట్ల రూపాయల ఐదు అక్షాల మిల్లింగు యంత్రం వద్ద కూడా గంటకు అంతే. ఫలితం? బల్ల పని ఎక్కువగా ఉండే సులువైన భాగం ఖరీదుగా కనబడి బయటి చిన్న కర్మాగారానికి పోతుంది. ఖరీదైన యంత్రం మీద చేసే కష్టమైన భాగం చౌకగా కనబడి మన మీద పడుతుంది. సులువైన పని వెళ్లిపోయినా ఓవర్‌హెడ్లు వెళ్లిపోవు. మిగిలిన గంటల మీద పడి రేటు ఇంకా పెరుగుతుంది. మరికొన్ని భాగాలు బయటికి పోతాయి. 1980వ దశకం చివర హార్వర్డ్‌కు చెందిన కూపర్, కాప్లాన్ అనే ఆచార్యులు పనుల వారీగా ఖర్చును పంచాలని వాదించినది ఈ సుడిగుండం నుండి బయటపడడానికే. సెట్టింగు ఖర్చు సెట్టింగుల సంఖ్యను బట్టి, తనిఖీ ఖర్చు తనిఖీల సంఖ్యను బట్టి పంచితే మన బుష్షు అసలు ఖరీదు బయటపడుతుంది. షాపుకొక రేటు, ఖరీదైన యంత్రానికి విడిగా యంత్ర గంట రేటు అన్నది కనీసపు మెట్టు.

శ్రమ విషయానికి వస్తే, 1936లో టి.పి. రైట్ అనే అమెరికన్ ఇంజనీరు విమానాల తయారీని గమనించి చెప్పిన సూత్రం నేటికీ చెల్లుతున్నది. చేసిన సంఖ్య రెట్టింపైనప్పుడల్లా సగటు శ్రమ సుమారు 80 శాతానికి దిగుతుందని ఆయన చూపించారు. మొదటి దానికి 100 గంటలు పడితే, రెండింటి సగటు 80, నాలుగింటి సగటు 64, ఎనిమిదింటి సగటు 51. చేతికి పని అలవడడం, జిగ్గులు మెరుగుపడడం, తప్పులు తగ్గడం ఇందుకు కారణాలు. కొత్త విమానాల అంచనాలలో ఈ వక్రరేఖను అందరూ వాడుతారు. విడిభాగాలకు వచ్చేసరికి మాత్రం దాని రెండవ ముఖం కావాలి: నేర్చినది మరచిపోవడం. మూడేళ్ల క్రితం చేసిన భాగానికి మళ్లీ ఆర్డరు వస్తే, ఆనాడు చేసిన ఆపరేటరు పదవీ విరమణ చేసి ఉంటాడు, ఫిక్స్‌చరు ఏ మూలనో తుప్పు పట్టి ఉంటుంది. జార్జ్ ఆండర్లోర్ 1969లో ఈ నష్టాన్ని అయిదు పద్దులుగా విడదీశారు: కార్మికుని నైపుణ్యం, పర్యవేక్షకుని నైపుణ్యం, పని స్థలపు అమరిక, పని పద్ధతులు, ప్రత్యేక పనిముట్లు. ఒక్కొక్క పద్దులో ఎంత మిగిలింది, ఎంత పోయింది అని అడిగితే, రేఖ మీద ఎంత వెనక్కు వెళ్లి మొదలు పెట్టాలో తెలుస్తుంది. మూడేళ్ల విరామం తరువాత కూడా ఆనాటి చివరి ముక్కకు పట్టిన సమయాన్నే అంచనాలో వ్రాయడం ఆపరేటరు మీద అన్యాయం.

మిగ్-21 ఉదాహరణ చూస్తే విరామాల తీవ్రత తెలుస్తుంది. అది 1963లో మన వైమానిక దళంలో చేరింది. నాసిక్‌లో దేహం, కొరాపుట్ వద్ద సునాబెడలో ఇంజను, మన హైదరాబాదు బాలానగర్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు, ఇలా తెలుగు కుటుంబాలెన్నో ఆ విమానం మీద బ్రతికాయి. కొత్త విమానాల తయారీ 1980వ దశకంలోనే ముగిసింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికేవరకు, అనగా మరి నాలుగు దశాబ్దాల పాటు, విడిభాగాలు మాత్రం కావలసి వచ్చాయి. వరుసగా విమానాలు చేసే రోజులలో ఏటా వందలుగా చేసిన భాగం, ఆ తరువాత ఎప్పుడో ఒకసారి అయిదో ఆరో.

ఎప్పుడో ఒకసారి వచ్చే ఈ అవసరాన్ని ముందుగా ఊహించడం ధర అంచనాలో సగం పని. పదకొండు నెలలు సున్నా, పన్నెండవ నెలలో ఏడు. ఇటువంటి వరుసకు మామూలు సగటు తీస్తే నెలకు అరముక్కకు పైగా వస్తుంది. అరముక్క ఎవరికి కావాలి? క్రోస్టన్ 1972లో సూచించిన ఉపాయం చక్కనిది. అవసరం వచ్చినప్పుడు ఎన్ని కావాలో ఒక లెక్క, రెండు అవసరాల మధ్య ఎంత కాలం గడుస్తుందో మరొక లెక్క, రెండూ విడివిడిగా వేయాలి. దళం వారి స్టోర్సులోనూ మన ప్రణాళికా శాఖలోనూ ఈ లెక్క ఒకే కాగితం మీద ఉంటే, మూడేళ్లలో మూడుసార్లు నాలుగేసి అడిగే బదులు ఒకసారి పన్నెండు అడగవచ్చు. మన బుష్షు లెక్కలోనే చూడండి. నాలుగు చొప్పున మూడుసార్లు చేస్తే 168 గంటలు, ఒకేసారి చేస్తే 68. వంద గంటలు ఏ కొత్త యంత్రం కొనకుండా, ఎవరితోనూ బేరమాడకుండా మిగిలాయి. అయితే మరీ ఎక్కువ చేసి అటకెక్కించినా ప్రమాదమే. విమానం పదవీ విరమణ చేసిన మర్నాడు ఆ భాగాలు పాత ఇనుము.

ఒకే భాగం ఎక్కువ సంఖ్యలో కావలసి రాకపోతే, పోలిక ఉన్న భాగాలను కలపవచ్చు. లెనిన్‌గ్రాడ్‌కు చెందిన మిత్రోఫనోవ్ 1950వ దశకంలో చెప్పిన కుటుంబ వర్గీకరణ ఇదే. వ్యాసం ఇంత నుండి ఇంత వరకు, గోడ మందం ఇంతకు మించని ఉక్కు బుష్షులన్నీ ఒక కుటుంబం. ఒక సెట్టింగు మీద చిన్న మార్పులతో కుటుంబమంతా సాగిపోతుంది. కొలిమిలో ఒకే మోపు, పూతకు ఒకే తొట్టి. అంచనా వేయడానికి కూడా ఈ వర్గీకరణే ఆధారం. కొత్త బుష్షు డ్రాయింగు వస్తే దాని బరువు, యంత్రం మీద కోయవలసిన తలాల సంఖ్య, కొలతల బిగువు చూసి కుటుంబంలో దానికి స్థానం ఇవ్వవచ్చు. అయితే దీనికి ఆధారం పూర్వం చేసిన భాగాల నిజమైన సమయాలు. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది.

లోహం గురించి రెండు మాటలు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ వంటి సంస్థ ఉన్నందున టైటానియం, నికెల్ మిశ్రలోహాలు దేశంలోనే కరుగుతున్నాయి. అయినా కరిగేది టన్నుల లెక్కన, మనకు కావలసినది కిలోల లెక్కన. కొన్న లోహంలో ఎంత భాగం విమానంలోకి ఎక్కుతుంది, ఎంత తురుముగా పోతుంది అన్న నిష్పత్తిని కూడా అంచనాలో విడి పద్దుగా చూపించాలి. లేకపోతే చౌక కడ్డీ నుండి కోయడం మేలా, ఖరీదైన ఫోర్జింగు తీసుకోవడం మేలా అన్న చర్చకే తావుండదు.

నిజమైన సమయాల సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. రూట్ కార్డు మీద ఆపరేటరు వ్రాసే సమయం చాలా షాపుల్లో నిర్ణీత సమయానికి దగ్గరగా, అనుమానం కలిగేంత దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే తొందరగా పూర్తయిందని వ్రాస్తే రేపు ఆ నిర్ణీత సమయాన్నే తగ్గిస్తారు, ప్రోత్సాహకం పోతుంది. ఆలస్యమైందని వ్రాస్తే సంజాయిషీ. మధ్యే మార్గంగా కాగితం మీద ఉన్నదే కాగితం మీద ఎక్కించడం క్షేమం. ఆ ఆపరేటరును తప్పు పట్టడానికి మాకు మనసు రాదు. నిజం వ్రాసిన వాడు నష్టపోయే ఏర్పాటులో నిజం దొరకదు. అంచనాల కొరకు సేకరించే సమయాన్ని ప్రోత్సాహకపు లెక్కకు, సంజాయిషీకి వాడబోమని యాజమాన్యం, యూనియన్లు కలిసి వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, ఎంత ఖరీదైన కంప్యూటరు వ్యవస్థ తెచ్చినా అందులో చేరేవి ఈ మధ్యే మార్గపు అంకెలే.

ఆపరేటరును అని అంచనాకర్తను వదిలేస్తే ధర్మం కాదు. బేరంలో పది శాతం కోస్తారని తెలిసి, ముందే పన్నెండు శాతం కలపడం మా వృత్తిలో తరతరాల ఆచారం. కోసేవారికి ఈ సంగతి తెలుసు, కనుక పదిహేను కోస్తారు. కలిపేవారికి ఆ సంగతీ తెలుసు. ఈ దాగుడుమూతల చివరన కుదిరిన ధరకు, ఆ భాగానికీ ఏ సంబంధమూ మిగలదు. దీనికి ఒక చిన్న మందు, ఒకే అంకెకు బదులు మూడు అంకెలు ఇవ్వడం. అంతా సజావుగా సాగితే 40 గంటలు, సాధారణంగా 50, చిక్కులు వస్తే 90. సాధారణపు అంకెకు నాలుగు రెట్ల బరువు ఇచ్చి కలిపి ఆరుతో భాగిస్తే 55. ఈ సూత్రం 1950వ దశకం చివర పొలారిస్ క్షిపణి పథకంలో పుట్టినది. 55 అన్న అంకె కంటే ముఖ్యమైనది 40కి, 90కి మధ్య దూరం. ఆ 90 ఎందుకు వచ్చింది? పూత తొట్టి నమ్మకం లేకనా, డ్రాయింగులో ఒక కొలత సందిగ్ధంగా ఉన్నందునా? బల్లకు అటువైపున కూర్చున్న దళపు అధికారి, ఇటువైపున కూర్చున్న మనము ఆ కారణం మీద మాట్లాడుకుంటే, కోతకు, కలుపుడుకు బదులు ఆ చిక్కు తొలగే మార్గం దొరకవచ్చు. ఒక కర్మాగారంలో ఇటువంటి చర్చలో, 90 గంటల భయానికి కారణం ఒక పాత గేజి మాత్రమేనని, అది దళం వారి డిపోలోనే ఊరక పడి ఉన్నదని తేలిన సందర్భం మాకు తెలుసు.

ఉత్తరం వ్రాసిన సోదరికి మా సమాధానం ఇదీ: మన ధరలలో ఏది సుత్తి, ఏది బుష్షు అన్నది ధర చూసి చెప్పలేము, దాని వెనుక కాగితం చూసి చెప్పాలి. ఆ కాగితం అన్ని భాగాలకూ ఇంకా సిద్ధంగా లేదు.

అందుకు మొదటి ప్రయత్నంగా, వచ్చే సంచికలో బుష్షుల కుటుంబం ఒక్కదానికి సెట్టింగు సమయాల పట్టిక ప్రకటించాలని అనుకుంటున్నాము. లేత్, గ్రైండింగు విభాగాలలోని మిత్రులు తమకు నిజంగా పట్టే సమయాలను, పేరు గాని, టోకెను నంబరు గాని వ్రాయకుండా, మా శాఖ గుమ్మం పక్కన పెట్టిన పెట్టెలో వేయవలసినదిగా కోరుతున్నాము. కార్డు వెనుక భాగం సరిపోతుంది. యంత్రం పేరు, బుష్షు వ్యాసం, సెట్టింగుకు పట్టిన నిమిషాలు, అంతే.